పీపాలో పడని డైరీ

ఇనప పీపాలో కాగితాలు కాలుతున్నాయి. పీపా అంటే పెట్రోలు వచ్చే రెండొందల లీటర్ల డ్రమ్మే. పక్కన ఒక కుర్రాడు నిలబడి గుప్పిళ్ళతో కాగితాలు తీసి లోపలికి విసురుతున్నాడు. పేరు ఫ్రెడ్ వైట్‌హర్స్ట్. అమెరికా సైన్యంలో గూఢచర్య విభాగం మనిషి, ఇరవై రెండేళ్ళవాడు. చోటు డుక్ ఫో. దక్షిణ వియత్నాంలో సముద్రం ఒకవైపు, కొండలు ఒకవైపు ఉన్న క్వాంగ్ న్గాయ్ ప్రావిన్సులో ఒక జిల్లా. 1969 పోయి 1970 వస్తున్న రోజులు.

ఆ కాగితాలు అడవిలోంచి వచ్చినవి. గస్తీకి వెళ్ళిన దళాలు శత్రు స్థావరాల్లో దొరికినవన్నీ మూటగట్టి తెచ్చేవి. చనిపోయినవాళ్ళ జేబుల్లోవి, భుజానికి తగిలించుకునే సంచుల్లోవి, తాటాకు గుడిసెల్లో వదిలేసి పారిపోయినవి. వాటిని వేరుచేయడం ఫ్రెడ్ పని. పటాలు, దళాల నంబర్లు, పేర్ల జాబితాలు, బియ్యం లెక్కలు పైకి వెళ్ళేవి. సైగాన్‌లో ఇలాంటి కాగితాల కోసమే ఒక పెద్ద కేంద్రం ఉండేది. అక్కడ అనువాదకులు చదివేవాళ్ళు, మైక్రోఫిల్ము తీసేవాళ్ళు. మిగిలినవి పీపాలోకి. మిగిలినవంటే అమ్మ రాసిన ఉత్తరాలు, ప్రేమలేఖలు, చేత్తో రాసుకున్న పద్యాలు, ఫొటోలు. సైన్యం భాషలో వీటికి ఒకటే మాట: సైనిక విలువ లేదు.

వడపోత పని ఫ్రెడ్ ఒక్కడి వల్ల అయ్యేది కాదు, అతనికి వియత్నామీ అంతగా రాదు. దక్షిణ వియత్నాం సైన్యానికి చెందిన సార్జెంట్ నుయెన్ ట్రుంగ్ హ్యూ చదివి చెప్పేవాడు. ఆ రోజు హ్యూ చేతిలో అరచేతిలో పట్టేంత చిన్న పుస్తకం ఒకటి ఉంది. పీపా దగ్గరికి వచ్చి, దీన్ని కాల్చొద్దన్నాడు. ఎందుకన్నట్టు చూశాడు ఫ్రెడ్. దీంట్లో ముందే నిప్పుందన్నాడు హ్యూ.

ఫ్రెడ్ ఈ మాటను తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. నలభై ఏళ్ళకి అదే ఒక వియత్నాం సినిమాకు పేరయింది. కానీ ఆ మాట అన్న మనిషిని కాస్త చూడాలి. హ్యూ సైగాన్ ప్రభుత్వం తరఫున తుపాకీ పట్టినవాడు. ఆ పుస్తకం రాసిన పక్షం దృష్టిలో అతను అమెరికా ఆడించే బొమ్మ సైన్యంలో ఒక బొమ్మ. ఆ తిట్టు ఆ పుస్తకంలోనే ఉంది. తనలాంటివాళ్ళను తిడుతూ శత్రువు రాసుకున్న రాతను మంటలో పడనివ్వకుండా ఆపాడాయన. ఈ కథలో హీరోగా అందరూ ఫ్రెడ్‌ని చెబుతారు. నా లెక్కలో మొదటి పేరు హ్యూది.

తర్వాత సాయంత్రాలు హ్యూ చదివి ఇంగ్లీషులో చెప్పడం, ఫ్రెడ్ వినడం మొదలైంది. రాసింది ఒక డాక్టరు. అమ్మాయి. వాళ్ళున్న స్థావరానికి పడమట కనిపించే కొండల్లోనే ఎక్కడో ఉంది. ఇంకా బతికే ఉంది.

ఆమె పేరు డాంగ్ థుయీ ట్రామ్. 1942 నవంబరు 26న పుట్టింది. తండ్రి హనోయ్‌లో సర్జన్. తల్లి డోవాన్ న్గోక్ ట్రామ్ ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పేది, మందు మొక్కల మీద పట్టున్న మనిషి. తల్లి పేరులోని ట్రామ్‌ని నలుగురు కూతుళ్ళకీ పెట్టుకున్నారు. థుయీ ట్రామ్, ఫువాంగ్ ట్రామ్, హియెన్ ట్రామ్, కిమ్ ట్రామ్. ఇంట్లో పిలవాలంటే ట్రామ్‌కి ముందున్న పేరుతోనే పిలవాలి కాబట్టి పెద్దమ్మాయి అందరికీ థుయీ. పుస్తకాలు, పాటలు, పూలమొక్కలు ఉన్న ఇల్లు. 1966లో హనోయ్‌లో వైద్యవిద్య పూర్తిచేసింది, కళ్ళ వైద్యం వైపు వెళ్ళింది. అలాంటి అమ్మాయి రాజధానిలో ఏదో ఒక ఆసుపత్రిలో కుదురుకుని ఉండొచ్చు. దక్షిణాదికి పంపమని తనే అడిగింది.

దేశం మీద ప్రేమ ఒక కారణం. ఇంకో కారణం డైరీలో ‘ఎమ్’ అనే ఒక్క అక్షరంగా ఉంది. ఆమె ప్రేమించిన మనిషి. అంతకు ముందే దక్షిణాదికి యుద్ధానికి వెళ్ళిపోయాడు. కలిశాక ఏమైందో ఏమో, ఆ ప్రేమ నిలబడలేదు. దానికి ఆమె పడ్డ బాధ, పౌరుషం, అతని గురించి కబురు విన్నప్పుడల్లా లోపల కదిలేదంతా డైరీ పొడుగునా ఉంది.

1966 డిసెంబరులో బయల్దేరింది. హో చి మిన్ బాట మీద నడక. వీపున సంచి, కింద బురద, పైన విమానాలు. మూడు నెలలకు, 1967 మార్చిలో క్వాంగ్ న్గాయ్ చేరింది. డుక్ ఫో జిల్లా వైద్యశాల ఆమెకు అప్పగించారు. వైద్యశాల అంటే చెట్ల కింద గడ్డి కప్పిన పాకలు, నేలలో తవ్విన గుంతలు. విమానాలు చోటు కనిపెట్టేస్తే మరోచోటికి మోసుకెళ్ళి మళ్ళీ కట్టుకోవాలి. రోగులు, మందులు, బియ్యం అన్నీ భుజాల మీదే. గాయపడ్డ గెరిల్లాలతో పాటు చుట్టుపక్కల పల్లెల జనం కూడా వచ్చేవాళ్ళు. పగలు వైద్యం, సందు దొరికితే కొత్త నర్సులకు పాఠాలు, రాత్రి ఒక్కోసారి పల్లెల్లోకి నడిచివెళ్ళి మంచం మీదున్నవాళ్ళను చూసి రావడం. కళ్ళ వైద్యం చదివిన మనిషి కాళ్ళు కోయడం, పొట్టలు కుట్టడం అక్కడ నేర్చుకుంది.

డైరీలో మొదటి తేదీ 1968 ఏప్రిల్ 8. అంతకు మూడు వారాల ముందు, మార్చి 16న, ఇదే ప్రావిన్సులోని మై లైలో అమెరికన్ సైనికులు పల్లె జనాన్ని చంపిన ఊచకోత జరిగింది. అది చేసిన కంపెనీ ఏ బ్రిగేడ్‌దో దాని ప్రధాన స్థావరం డుక్ ఫోలోనే ఉంది. ఇది తెలియకుండా ఈ డైరీ చదివితే ఆమె కోపం అతిశయంగా అనిపిస్తుంది. తెలిసి చదివితే అనిపించదు.

ఆ మొదటి పేజీలో ఒక ఆపరేషన్ ఉంది. ఓ కుర్ర సైనికుడికి అపెండిసైటిస్. మత్తుమందు లేదు, నొప్పి తెలియకుండా చేసే నోవకెయిన్ కొద్దిగా ఉంది, అది చాలదు. కోస్తుంటే కుర్రాడు ఒక్కసారీ మూలగలేదు. పైగా డాక్టరమ్మకి ధైర్యం చెప్పడానికన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు ఆమెను నిద్రపోనివ్వలేదు. నొప్పి లేకుండా చేయలేని డాక్టరుని రోగి ఓదార్చడం ఏమిటి? అక్కడితో మొదలైంది డైరీ.

ఆ తర్వాతి పేజీల్లో మనుషులు వస్తుంటారు, పోతుంటారు. బోన్ అనే కుర్రాడు గాయపడి వచ్చాడు, నయమై వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు కాలు తీసేసినా బతకలేదు. 1969 జూలైలో ఖాన్ అనే ఇరవై ఏళ్ళవాణ్ణి మోసుకొచ్చారు. తనకు తెలిసిన తల్లి కొడుకు. ఫాస్ఫరస్ బాంబు ఒళ్ళంతా కాల్చేసింది. తెచ్చి గంట దాటినా ఒంటి మీంచి పొగ వస్తూనే ఉంది. నిన్నటిదాకా అందగాడని పిల్లలు ఏడిపించే కుర్రాణ్ణి తల్లి కూడా గుర్తుపట్టలేని స్థితిలో చూసి, ఏం రాయాలో తెలియక రాసిన పేజీ అది. ఫాస్ఫరస్ గాలి తగిలితే మండుతుంది, పూర్తిగా అయిపోయేదాకా మండుతూనే ఉంటుంది. ఈ రసాయనం గురించి ఆమెకు పుస్తకంలో తెలిసింది వేరు, కళ్ళతో చూసింది వేరు.

ఆమెను దేవతగా చూపించే వ్యాసాలు చాలా వచ్చాయి. డైరీ చదివితే దేవత కనిపించదు. కోపిష్టి కనిపిస్తుంది. కమ్యూనిస్టు పార్టీలో సభ్యత్వం ఇవ్వడానికి ఏడాదికి పైగా తాత్సారం చేశారు. చదువుకున్న కుటుంబం, పట్నపు పెంపకం, పెటీ బూర్జువా వాసన అని అనుమానం. 1968 సెప్టెంబరు 27న ఇచ్చారు. ఆ లోగా పడ్డ అవమానం, తోటి కార్యకర్తల్లో చూసిన అసూయ, చిన్నబుద్ధి ఆమె దాచలేదు. తనతో పనిచేసే ఒక మనిషి మీద చిరాకు పడి, మర్నాడు తన మీదే చిరాకు పడింది. అమెరికన్లను బందిపోట్లన్నది, దయ్యాలన్నది. పగ తీర్చుకోవాలని ఒట్టు పెట్టుకుంది. ఆ పక్క పేజీలోనే వర్షం పడితే హనోయ్ ఇల్లు గుర్తొచ్చి బెంగపడింది. తమ్ముడని పిలుచుకున్న గెరిల్లా కుర్రాడు రాత్రి గస్తీ నుంచి తిరిగి రాకపోతే తెల్లారేదాకా కూర్చుంది. యుద్ధమప్పుడు ప్రభుత్వాలు అచ్చువేసే వీరగాథల్లో ఇలాంటి మనుషులుండరు. అందుకే ఇలాంటి డైరీలు కావాలి.

తెలుగు పాఠకుడికి ఒక పరిచయం కూడా ఈ డైరీలో తగులుతుంది. ఆమె రాసి పెట్టుకున్న మాటల్లో నికొలాయ్ ఓస్త్రోవ్‌స్కీవి ఉన్నాయి. ఒక తరం తెలుగువాళ్ళు ‘కాకలు తీరిన యోధుడు’గా చదివిన నవల రాసిన మనిషే. విజయవాడలోనో వరంగల్‌లోనో ఓ హాస్టల్ గదిలో ఆ నవల వాక్యాల కింద గీతలు గీసుకున్న కుర్రాడూ, డుక్ ఫో కొండల్లో ఈ డాక్టరూ ఒకే పుస్తకం వాళ్ళే.

1969 ఆఖరులో ఆమె మొదటి పుస్తకం అమెరికన్ల చేతికి చిక్కింది. అదే పీపా దగ్గర ఆగింది. ఆమెకు ఆ సంగతి తెలిసే వీలు లేదు. డిసెంబరు 31న ఇంకో పుస్తకం తెరిచి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. ఒక కొండ మీద ఆమె రాస్తోంది, కింద స్థావరంలో శత్రువులిద్దరు కూర్చుని ఆమె పాత పేజీలు చదువుకుంటున్నారు. సినిమా కోసం కల్పించారంటే నమ్మబుద్ధి కానంత వింత. జరిగింది మాత్రం అదే.

1970 జూన్. నెల మొదట్లోనే వైద్యశాల మీద బాంబులు పడ్డాయి. అయిదుగురు చనిపోయారు. పదిరోజులు గడిచాయో లేదో మళ్ళీ పడ్డాయి. చోటు బయటపడిపోయిందని అర్థమైంది. కదలగలిగినవాళ్ళంతా కదిలారు. సాయం తీసుకుని త్వరగా వస్తామని చెప్పి వెళ్ళారు. మిగిలింది ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, లేచి నడవలేని గాయపడ్డవాళ్ళు అయిదుగురు.

రోజులు గడుస్తున్నాయి. ఎవరూ రాలేదు.

జూన్ 20న రాసిన పేజీ ఆఖరిది. బియ్యం ఆ సాయంత్రం ఒక్కపూటకి ఉన్నాయి. ఇద్దరినీ బియ్యం కోసం పంపాలి, పంపితే ఒక్కతే మిగులుతుంది. వాగు దాటుతున్న వాళ్ళను చూస్తుంటే కన్నీళ్ళొచ్చాయి. తను చిన్నపిల్ల కాదనీ, కష్టాలు చూసిన మనిషేననీ రాసుకుని, అయినా ఈ క్షణాన అమ్మ చేయి పక్కనుంటే బావుండునని రాసుకుంది. అమ్మ కాకపోయినా, ఏదో ఒక తెలిసిన చెయ్యి.

రెండు రోజులకి, జూన్ 22న, అడవి బాటలో అమెరికన్ గస్తీ దళం ఎదురుపడింది. తుపాకీ గుండు నుదుటికి తగిలింది. ఇరవై ఏడేళ్ళు. ఒంటరిగా నూటికి పైగా సైనికులను నిలువరించిందని తర్వాత కథలు పుట్టాయి. అలాంటి కథలు పుట్టకుండా ఉండవు. ఆమె దగ్గర దొరికినవి మాత్రం వేరే చెబుతాయి: ఒక రేడియో, బియ్యం లెక్కల పుస్తకం, నోవకెయిన్ సీసాలు, కట్లు కట్టే గుడ్డ, రెండో డైరీ.

ఆ మరణానికి పన్నెండు రోజుల తర్వాత, జూలై 4న, హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఆ తరం మన కవులకు వియత్నాం అంటే ప్రతిఘటనకు పేరు. ఆ పేరు వెనక వాగు ఒడ్డున కూర్చుని బియ్యం లెక్క చూసుకుంటున్న అమ్మాయి ఉందని వాళ్ళకెలా తెలుస్తుంది? హనోయ్‌లో ఉన్న అమ్మకే తెలియదు.

రెండో పుస్తకం కూడా డుక్ ఫో స్థావరానికే చేరింది. హ్యూ గుర్తుపట్టాడు. అదే చేతిరాత. ఫ్రెడ్‌కి సంగతి చెప్పాడు. ఆ సాయంత్రాలు తాము ఎవరి రాత చదువుకున్నారో ఆ డాక్టరు ఇక లేదని ఫ్రెడ్‌కి అలా తెలిసింది. శత్రువును ద్వేషించమని శిక్షణ పొందిన మనిషి, ఆమె మీద ప్రేమలో పడ్డానని ముసలితనంలో దాచకుండా చెప్పుకున్నాడు.

నిబంధన ప్రకారం స్వాధీనం చేసుకున్న కాగితాలు సైన్యం సొత్తు, ఇంటికి పట్టుకెళ్ళడం నేరం. 1972లో అమెరికా తిరిగి వెళ్ళేటప్పుడు ఫ్రెడ్ రెండు పుస్తకాలూ సామాన్లలో పెట్టుకెళ్ళాడు. వెళ్ళాక రసాయన శాస్త్రం చదివాడు, డాక్టరేట్ తీసుకున్నాడు, ఎఫ్‌బీఐ ప్రయోగశాలలో చేరాడు. పేలుడు పదార్థాల అవశేషాలు పరీక్షించే పని. డైరీలు ఇంట్లో ఫైళ్ళ బీరువాలో ఉండిపోయాయి. వాటిని ఆమె ఇంటివాళ్ళకు చేర్చాలని ఉంది. కానీ ఎఫ్‌బీఐలో పనిచేసేవాడు కమ్యూనిస్టు దేశంలో ఎవరినని వెతుకుతాడు, ఎవరి ద్వారా వెతుకుతాడు? ఆ రెండు దేశాలకీ 1995 దాకా దౌత్య సంబంధాలే లేవు.

ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి. ఎఫ్‌బీఐ ప్రయోగశాలలో నివేదికలు నేరం రుజువయ్యేటట్టు వంచుతున్నారని, శాస్త్రం పేరుతో కోర్టులను తప్పుదారి పట్టిస్తున్నారని ఏళ్ళ తరబడి పైవాళ్ళకు రాసి, వినకపోతే బయటపెట్టిన మనిషి అమెరికాలో ఒకాయన ఉన్నాడు. ఆయన ఫిర్యాదుల మీద న్యాయశాఖ విచారణ జరిపి 1997లో ఇచ్చిన నివేదిక ప్రయోగశాల పనితీరును తప్పుపట్టింది. ఆయన ఈ ఫ్రెడ్ వైట్‌హర్స్టే. 1998లో ఎఫ్‌బీఐతో రాజీపడి బయటికొచ్చాడు. డైరీ గురించి రాసేవాళ్ళు ఈ ముక్కని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఎఫ్‌బీఐ గురించి రాసేవాళ్ళకు డైరీ సంగతే పట్టదు. నాకు మాత్రం రెండూ ఒకే స్వభావం నుంచి వచ్చాయనిపిస్తుంది. పైనుంచి వచ్చిన ఉత్తర్వు తప్పనిపిస్తే చేయి ఆగిపోయే స్వభావం. ఆనాడు పీపా దగ్గర ఉత్తర్వు అంటే ఉత్తర్వే అనుకునే మరో కుర్రాడు ఉండి ఉంటే, హ్యూ ఏం చెప్పినా ఆ పుస్తకం మంటలో పడేది.

ఉద్యోగం వదిలాక ఫ్రెడ్, అతని సోదరుడు రాబర్ట్ ఇద్దరూ ఆమె ఇంటివాళ్ళను వెతికే పనిలోకి దిగారు. రాబర్ట్ వైట్‌హర్స్ట్ కూడా వియత్నాంలో పనిచేసినవాడే, భార్య వియత్నామీ. భాష కొంత వచ్చు. నిఘంటువు పక్కన పెట్టుకుని డైరీని ఇంగ్లీషులోకి తేవడం మొదలుపెట్టాడు. ఆ పని పట్టుకుంటే వదల్లేకపోయాడు. తల్లి కాలేజీలో పాఠాలు చెప్పేదని, తండ్రి సర్జనని డైరీలోనే ఆనవాళ్ళున్నాయి. ముప్పై అయిదేళ్ళ తర్వాత ఆ ఇల్లు ఉందో లేదో, తల్లి బతికి ఉందో లేదో.

2005 మార్చిలో టెక్సస్ రాష్ట్రంలోని లబక్ అనే ఊరికి వెళ్ళారు. అక్కడ టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో వియత్నాం యుద్ధానికి సంబంధించిన పెద్ద భాండాగారం ఉంది. సైనికుల ఉత్తరాలు, ఫొటోలు, టేపులు, పట్టుకొచ్చిన శత్రు పత్రాల మైక్రోఫిల్ములు, అన్నీ అక్కడ చేర్చి పెడతారు. ఆ ఏడు సదస్సులో వైట్‌హర్స్ట్ సోదరులు డైరీ కథ చెప్పారు, అసలు ప్రతులను భాండాగారానికి అప్పగించారు. సభలో టెడ్ ఎంగిల్‌మన్ అనే ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. ఆయనా ఆ యుద్ధంలో ఉన్నవాడే. యుద్ధం ముగిసి ముప్పై ఏళ్ళయిన సందర్భంగా తను వచ్చే నెల హనోయ్ వెళ్తున్నానని, వెతికి చూస్తానని అన్నాడు. డైరీ పేజీలన్నీ స్కాన్ చేసిన సీడీ ఆయన చేతిలో పెట్టారు.

ఏప్రిల్‌లో హనోయ్ దిగాక టెడ్ నేరుగా ప్రభుత్వ కార్యాలయాలకు పోలేదు. క్వేకర్లనే శాంతివాద క్రైస్తవుల సేవాసంస్థ ఆఫీసుకు వెళ్ళాడు. యుద్ధకాలం నుంచీ రెండు పక్షాల జనానికీ వైద్యసాయం చేస్తూ వచ్చినవాళ్ళు క్వేకర్లు, ఊళ్ళో వాళ్ళకు తెలియని దారి లేదు. ఆఫీసులో పనిచేసే వియత్నామీ ఉద్యోగి ఒకరు, థుయీ తండ్రి పనిచేసిన ఆసుపత్రి ఆనవాలు పట్టుకుని ఆరా తీశారు. ఎక్కువ రోజులు పట్టలేదు. తల్లి ఉంది. ఎనభయ్యో పడిలో ఉంది. అదే ఊళ్ళో కూతుళ్ళతో ఉంది.

సీడీ పెట్టి పేజీలు తెరిచారు. చనిపోయిన కూతురి చేతిరాత తెర మీదికి వచ్చింది. ఆఖరి పేజీలో ఆమె కోరుకున్న చేయి ఎవరిదో ఆ తల్లికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ గదిలో ఎవరేమన్నారో కల్పించి రాయడం నాకిష్టం లేదు. తెలిసినది ఇదీ: చిన్నచెల్లెలు కిమ్ ట్రామ్ ఆ స్కాన్ పేజీలను చదివి, ఎత్తిరాసి, అచ్చుకు సిద్ధం చేసింది. అరిగిపోయిన సిరా, తడికి చెదిరిన అక్షరాలు, పొట్టిపేర్లు. అక్క ప్రేమకథ, పార్టీ మీద అక్క పడ్డ చిరాకు కూడా అందులో ఉన్నాయి. అవన్నీ జనం చేతిలో పెట్టడం ఇంటివాళ్ళకు సులువైన నిర్ణయం కాదు.

జూలైలో హనోయ్‌లో పుస్తకం వచ్చింది. అప్పట్లో వియత్నాంలో ఒక పుస్తకం రెండు వేల ప్రతులు పోతే గొప్ప. ఇది ఏడాదిన్నరలో నాలుగు లక్షలు దాటింది. కొన్నవాళ్ళలో ఎక్కువమంది యుద్ధం తర్వాత పుట్టినవాళ్ళు, యుద్ధమంటే బళ్ళో పాఠంగానే ఎరిగినవాళ్ళు. విగ్రహాల్లో, తపాలా బిళ్ళల్లో చూసిన వీరుల తరంలో ప్రేమ విఫలమై ఏడ్చిన అమ్మాయి ఉందని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

అదే ఏడాది ఇంకో డైరీ కూడా వచ్చింది. నుయెన్ వాన్ థాక్ అనే సైనికుడిది. హనోయ్ విశ్వవిద్యాలయంలో గణితం చదువుతూ 1971 సెప్టెంబరులో సైన్యంలో చేరాడు. బడిలో ఉన్నప్పుడు సాహిత్యంలో ఉత్తర వియత్నాం మొత్తానికీ మొదటి బహుమతి తెచ్చుకున్నవాడు. దారిలో రాసుకున్న డైరీని, యుద్ధరంగంలోకి అడుగు పెట్టకముందే ఇంటికి పంపేశాడు. 1972 జూలై 30న క్వాంగ్ ట్రీ కోట పోరులో పోయాడు. ఇరవై ఏళ్ళకి ఇంకా రెండున్నర నెలలుంది. ఆయన పెట్టుకున్న పేరు వేరైనా పుస్తకం ‘ఎప్పటికీ ఇరవై ఏళ్ళే’ అన్న అర్థమిచ్చే పేరుతో వచ్చింది. దాన్ని సిద్ధం చేసిన రచయిత డాంగ్ వువాంగ్ హుంగ్, ఇళ్ళల్లో దాచుకున్న యుద్ధకాలపు ఉత్తరాలు పంపమని జనాన్ని అడిగి సంపుటాలు వేశాడు. ట్రంకు పెట్టెల్లో, దేవుడి అరల్లో ఉన్నవి బయటికొచ్చాయి. థాక్ తన రాతను తనే కాపాడుకున్నాడు. థుయీకి ఆ అవకాశం రాలేదు.

2005 ఆగస్టులో వైట్‌హర్స్ట్ సోదరులు హనోయ్ వచ్చారు. తమ బిడ్డను చంపిన సైన్యంలో పనిచేసినవాళ్ళను ఆ ఇంటివాళ్ళు ఎలా చూస్తారో అన్న భయం ఫ్రెడ్‌కి లేకుండా ఎలా ఉంటుంది? తల్లి వాళ్ళిద్దరినీ కొడుకుల్లా చూసుకుంది. ఫ్రెడ్ ఆమెను అమ్మా అనే పిలిచాడు. థుయీ సమాధి 1990లోనే డుక్ ఫో నుంచి హనోయ్ అమరవీరుల శ్మశానానికి మార్చారు. సోదరులు అక్కడికీ వెళ్ళారు.

అక్టోబరులో తల్లీ కూతుళ్ళు లబక్ వెళ్ళి అసలు పుస్తకాలను చేతుల్లోకి తీసుకున్నారు. వెంట తెచ్చుకోలేదు. భాండాగారంలోనే వదిలి వచ్చారు.

ఈ నిర్ణయం గురించి నాకు మొదట కొంచెం గుచ్చుకుంది. వియత్నాం బిడ్డ రాత టెక్సస్‌లో ఎందుకుండాలి? మన కోహినూరు మీద మనకుండే బాధ లాంటిదే. కానీ ఇక్కడ కొల్లగొట్టినవాడు దాచుకోలేదు, తిరిగిచ్చే దారి వెతికాడు. తీసుకోవలసినవాళ్ళు వచ్చి, చూసి, అక్కడే ఉండనీ అన్నారు. వేడి, చెమ్మ లేని గదిలో కాగితం ఎక్కువ కాలం ఉంటుందన్నది ఒక సంగతి. అమెరికన్ పిల్లలు వచ్చి చూస్తారన్నది రెండోది. వాళ్ళ తాతలు బందిపోట్లని ఒక డాక్టరు ఎందుకు రాసిందో ఆ పుస్తకం వాళ్ళ ఊళ్ళో ఉంటేనే వాళ్ళకు తెలుస్తుంది.

2007లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది, ఆండ్రూ ఎక్స్. ఫామ్ చేశాడు. చిన్నప్పుడే వియత్నాం వదిలి పడవలో పారిపోయి అమెరికా చేరిన కుటుంబం ఆయనది, అంటే ఇదీ ఓడిన పక్షం చేతుల మీదుగానే. 2009లో డాంగ్ న్యాత్ మిన్ సినిమా తీశాడు, పేరు ‘కాల్చొద్దు’. ఆయన తండ్రి డాంగ్ వాన్ న్గూ కూడా డాక్టరే. మలేరియా మీద పరిశోధన చేస్తూ 1967లో అడవిలో అమెరికన్ బాంబుల కింద చనిపోయాడు. దర్శకుడికి ఈ కథ ఎందుకు పట్టిందో ప్రత్యేకంగా అడగక్కర్లేదు.

ప్రభుత్వాలు ఈ దారిలోకి ఇంకా ఆలస్యంగా వచ్చాయి. 2012 జూన్‌లో అమెరికా రక్షణమంత్రి లియోన్ పనెటా హనోయ్ వచ్చినప్పుడు, వియత్నాం రక్షణమంత్రి ఫుంగ్ క్వాంగ్ థాన్ ఆయనకు కొన్ని ఉత్తరాలిచ్చాడు. దక్షిణ కరొలైనాకి చెందిన సార్జెంట్ స్టీవ్ ఫ్లాహర్టీ వాటిని ఇంటికి రాసి, పోస్టు చేయకుండానే 1969లో చనిపోయాడు. ఆ ఉత్తరాల్లోని ముక్కలను వియత్నాం తన ప్రచారానికి అప్పట్లో వాడుకుంది. బదులుగా పనెటా ఒక చిన్న డైరీ ఇచ్చాడు. వూ డిన్ డోవాన్ అనే సైనికుడిది, 1966లో ఒక అమెరికన్ మెరైన్ తీసుకెళ్ళినది, అదీ క్వాంగ్ న్గాయ్ ప్రావిన్సులోనే. రెండు ప్రభుత్వాలు అధికారికంగా ఇలాంటి వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడం అదే మొదటిసారి. ఫ్లాహర్టీ రాసిన ఉత్తరాలు అతని బంధువులకు నలభై మూడేళ్ళు ఆలస్యంగా అందాయి. డోవాన్ డైరీ నలభై ఆరేళ్ళకు తిరిగొచ్చింది. పనెటా వచ్చిన వేళకు ఫ్రెడ్, రాబర్ట్ హనోయ్‌లోని ఆ ఇంటికి కొడుకులై ఏడేళ్ళు కావస్తోంది.